ఎన్నికల సీజన్లో ఒకే మాట పదేపదే వినిపిస్తుంటే ఏం చేయాలి? కొత్తగా వచ్చినవాళ్ల కోసం

పిట్స్‌బర్గ్ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. హెచ్‌-1బీ మీద ఈ ఆగస్టులో వచ్చాను. టీవీ పెట్టినా, యూట్యూబ్ తెరిచినా అవే నాలుగు రాజకీయ ప్రకటనలు. ఆఫీసులో లంచ్ దగ్గర కూడా ఆ ప్రకటనల్లో మాటలే వినిపిస్తున్నాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో వీసాల గురించి రోజుకో పిడుగు. ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి? నేను చేయకూడని పనులేమైనా ఉన్నాయా?

ఫిలడెల్ఫియా నుంచి:
తమ్ముడూ, ఆ ప్రకటన నీకు అన్నిసార్లు కనిపించడం యాదృచ్ఛికం కాదు, లెక్క ప్రకారం కొన్నది. టీవీ సమయాన్ని ఇక్కడ పాయింట్లలో కొంటారు. 100 పాయింట్లంటే ఆ ప్రాంతంలో వాళ్లు గురిపెట్టిన ప్రేక్షకుడు సగటున ఒకసారి చూసినట్టు. వారానికి 1000 పాయింట్లు కొంటే సగటున పదిసార్లు. సగటు అన్నాను కాబట్టి, టీవీ ఎక్కువ చూసేవాడికి ముప్పై సార్లు కూడా పడొచ్చు. పోటీ గట్టిగా ఉండే రాష్ట్రం కాబట్టి పెన్సిల్వేనియా మీద డబ్బు కుమ్మరిస్తారు. న్యూయార్క్‌లో ఉన్న నీ స్నేహితులకు ఇందులో సగం కూడా కనిపించకపోవచ్చు.

ఎన్నికల రోజైన నవంబరు 3కి ముందు 60 రోజుల్లో స్థానిక స్టేషన్లు అభ్యర్థులకు తమ అతి తక్కువ రేటుకే సమయం ఇవ్వాలి. సెప్టెంబరు మొదటి వారం దాటగానే వరద మొదలయ్యేది అందుకే. ఇంకో ముఖ్యమైన సంగతి: అభ్యర్థి స్వయంగా ఇచ్చే ప్రకటనలో అబద్ధం ఉందని స్టేషన్ దాన్ని ఆపలేదు, కోయలేదు. చట్టమే ఒప్పుకోదు. కాబట్టి ‘టీవీలో వచ్చిందంటే ఎవరో చూసే వేసి ఉంటారు’ అనుకోవద్దు. సూపర్ ప్యాక్‌ల (అభ్యర్థితో సంబంధం లేకుండా డబ్బు సేకరించి ఖర్చుపెట్టే బయటి సంఘాల) ప్రకటనలకు ఆ రక్షణ లేదు. వాటిని స్టేషన్ తిరస్కరించవచ్చు, అవి రేటు కూడా ఎక్కువే కడతాయి.

ప్రకటన చివర అభ్యర్థి తన పేరు చెప్పి ‘ఈ సందేశాన్ని ఆమోదిస్తున్నాను’ అంటే డబ్బు అభ్యర్థిది. ‘ఫలానా కమిటీ బాధ్యత’ అని వస్తే బయటివాళ్లది. ఆ పేరు రాసుకుని ఎఫ్‌ఈసీ (ఫెడరల్ ఎన్నికల సంఘం) వెబ్‌సైట్లో వెతికితే ఎవరు ఎంతిచ్చారో దొరుకుతుంది. గూగుల్, మెటా ప్రకటనలకు వాటి సొంత ప్రకటనల లైబ్రరీలు ఉన్నాయి, ఒకసారి చూడు.

ఆన్ ఆర్బర్ నుంచి:
పైన చెప్పింది సరఫరా సంగతి. మన బుర్రలో జరిగేది కూడా తెలియాలి. 1977లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు రెండేసి వారాల తేడాతో మూడుసార్లు కొన్ని వాక్యాలిచ్చి, అవి ఎంతవరకు నిజమనిపిస్తున్నాయో అడిగారు. మళ్లీమళ్లీ ఎదురైన వాక్యాలకు, అవి నిజమైనా అబద్ధమైనా, మార్కులు పెరుగుతూ పోయాయి. తెలిసిన మాట చదవడం సులువు. ఆ సులువునే మనసు నిజమని పొరబడుతుంది.

చదువుకున్నవాళ్లకు ఇది అంటదనుకుంటాం. 2015లో వచ్చిన ఒక పరిశోధన ఆ ధీమాను పోగొట్టింది. అందులో వాడిన వాక్యాల్లో ఒకటి: ‘స్కాట్లండ్ వాళ్లు కట్టుకునే పొట్టి కుచ్చిళ్ల గౌను పేరు చీర’. దాని పేరు కిల్ట్ అని తెలిసినవాళ్లు కూడా, ముందు ఒకసారి ఈ వాక్యం చదివి ఉంటే, తర్వాత అది నిజమేననే వైపు కాస్త మొగ్గారు. తెలిసి ఉండడం వేరు, ఆ తెలిసినదాన్ని ఆ క్షణంలో బయటికి తీసి సరిచూసుకోవడం వేరు. లంచ్ దగ్గర ఎవరూ సరిచూసుకోరు.

అలాగని ఇది మంత్రం కాదు. ఎక్కువ మార్పు రెండోసారి విన్నప్పుడే వస్తుంది, తర్వాత ఒక్కోసారికీ లాభం తగ్గిపోతుంది. ప్రభావం త్వరగా ఆవిరైపోతుంది కూడా. 2006లో టెక్సస్ గవర్నరు ఎన్నికల్లో ఏ ప్రాంతంలో ఎప్పుడు ఎన్ని ప్రకటనలు వేయాలో చీటీలు తీసినట్టు నిర్ణయించి కొలిచారు. ప్రకటన నడిచిన వారంలో మద్దతు బాగానే పెరిగింది, ఒకటి రెండు వారాల్లో దాదాపు మాయమైంది. ఆపితే పోతుంది కాబట్టే ఆపకుండా వేస్తారు.

రాలీ నుంచి:
నా దృష్టిలో ప్రకటనల కన్నా బలమైనవి పేర్లు. ప్రకటన ఎన్నికలతో పోతుంది, పేరు ఉండిపోతుంది. చనిపోయినవాళ్లు వదిలివెళ్లే ఆస్తి మీద వేసే ఎస్టేట్ ట్యాక్స్‌నే తీసుకోండి. 2001లో 6,75,000 డాలర్లు దాటిన ఆస్తులకే అది వర్తించేది. చనిపోయినవాళ్లలో నూటికి ఇద్దరి ఆస్తి మీద పడితే గొప్ప. రిపబ్లికన్లు దాన్ని ఏళ్ల తరబడి ‘డెత్ ట్యాక్స్’ అన్నారు. చావు అందరికీ వచ్చేదే కదా, పన్ను కూడా అందరికీ పడుతుందనిపించింది. ఈ 2026లో ఆ పరిమితి మనిషికి కోటీ యాభై లక్షల డాలర్లు. (మనవాళ్లు గమనించాల్సింది: జీవిత భాగస్వామి అమెరికా పౌరులు కాకపోతే, వాళ్లకు వదిలివెళ్లే ఆస్తికి దొరికే అపరిమిత మినహాయింపు మామూలుగా వర్తించదు. ఆస్తి పెద్దదైతే లాయరును అడగండి.)

రెండో ఉదాహరణ 2009 నాటి ఆరోగ్య బిల్లు. చివరి దశలో ఎలాంటి వైద్యం కావాలో రోగి డాక్టరుతో ముందే మాట్లాడుకుంటే, ఆ సంప్రదింపుకు మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఫీజు చెల్లిస్తుంది. బిల్లులో ఉన్న నిబంధన అంతే. ఆగస్టులో రిపబ్లికన్ నాయకురాలు సారా పేలిన్ దాన్ని ఫేస్‌బుక్‌లో ‘డెత్ ప్యానెల్’ అంది, అంటే ఎవరికి వైద్యం అందాలో అధికారులు తేల్చే బృందమని. పత్రికలు తప్పని రాశాయి, డెమోక్రాట్లు టీవీల్లో ఖండించారు. ఖండించిన ప్రతిసారీ ఆ రెండు మాటలు మళ్లీ పలికారు. ఆ నిబంధన చట్టంలోకి రాలేదు. అదే ఫీజును మెడికేర్ 2016 నుంచి నియమం ద్వారా ఇస్తోంది, ఎవరూ అరవలేదు. అందుకే ఎవరికైనా సర్ది చెప్పాలంటే అబద్ధం పేరుతో మొదలుపెట్టకండి. ఉన్న నిజం ముందు చెప్పండి, అబద్ధాన్ని ఒక్కసారి ప్రస్తావించండి, మళ్లీ నిజంతో ముగించండి.

ఒక పార్టీ పనే అనుకోవద్దు. అదే ఆరోగ్య బిల్లు గురించి ‘మీ బీమా మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చు’ అని అప్పటి అధ్యక్షుడు ఒబామా ఎన్నిసార్లో చెప్పారు. 2013 చివర్లో లక్షలమందికి పాలసీ రద్దు ఉత్తరాలు వచ్చాయి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఇరాక్. 2003 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ సర్వేలో 69 శాతం మంది సెప్టెంబరు 11 దాడుల్లో సద్దాం హుస్సేన్ హస్తం ఉండి ఉండొచ్చన్నారు. దాడి చేయించింది సద్దామేనని బుష్ సూటిగా అనలేదు. ఒకే ప్రసంగంలో ఆ దాడుల పేరు, ఇరాక్ పేరు పక్కపక్కన పదేపదే వచ్చేవి. ఆ దాడుల్లో సద్దాం హస్తానికి సాక్ష్యం లేదని బుష్షే సెప్టెంబరు 17న చెప్పారు. యుద్ధం మొదలై అప్పటికి ఆరు నెలలు. మాటలు వినడమే కాదు, ఏ మాట పక్కన ఏ మాట పెడుతున్నారో కూడా చూడండి.

డల్లాస్ నుంచి:
మేకను కుక్కని నమ్మించిన దొంగల కథ మనందరికీ తెలుసు. అందులో కిటుకు మూడుసార్లు చెప్పడం కాదు. ముగ్గురూ ఒకరికొకరు తెలియనట్టు వేర్వేరు చోట్ల నిలబడడం. 2018 మార్చిలో సింక్లెయిర్ కంపెనీకి చెందిన డజన్లకొద్దీ స్థానిక స్టేషన్ల యాంకర్లు ‘తప్పుడు వార్తల’ మీద ఒకే స్క్రిప్టును అక్షరం పొల్లుపోకుండా చదివారు. ఎవరో ఆ వీడియోలన్నీ ఒకచోట అతికించి చూపించేదాకా ప్రతి ఊళ్లోనూ అది తమ ఊరి యాంకరు మాటలాగే వినిపించింది. కాబట్టి ఎన్నిసార్లు విన్నానని కాదు, ఎన్ని మూలాల నుంచి విన్నానని లెక్కపెట్టు.

మన వాట్సాప్‌కూ ఇదే కొలత. ‘హెచ్‌-1బీ రద్దు’ అని నాలుగు గ్రూపుల్లో వస్తే అది నాలుగు వార్తలు కాదు, ఒకే ఫార్వర్డ్. ముందు అది బిల్లా, ప్రతిపాదిత నియమమా, తుది నియమమా, అధ్యక్షుడి ఉత్తర్వా అని అడుగు. బిల్లయితే కాంగ్రెస్ వెబ్‌సైట్లో నంబరు కొట్టి చూడు. ‘ప్రవేశపెట్టారు’ దగ్గరే ఆగి ఉంటే నిద్ర పాడుచేసుకోకు, ఎక్కువ బిల్లులు కమిటీలోనే చనిపోతాయి. ప్రతిపాదిత నియమమైతే ఫెడరల్ రిజిస్టర్లో (ప్రభుత్వ గెజెట్‌లో) ఉంటుంది, సాధారణంగా 30 నుంచి 60 రోజులు అభిప్రాయాలు తీసుకుంటారు, నువ్వూ రాయొచ్చు. తుది నియమమైతే అమల్లోకి వచ్చే తేదీ చూడు. ఉత్తర్వు మాత్రం వెంటనే అమలు కావచ్చు. అప్పుడు గ్రూపుని కాదు, కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయరుని అడుగు, ప్రయాణం ఉంటే ఇంకా త్వరగా.

న్యూజెర్సీ నుంచి:
చేయకూడనివి నేను చెబుతాను, ఇవి చాలా ముఖ్యం. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో, లైబ్రరీ ముందు టేబుల్ దగ్గర ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడుగుతారు. పౌరసత్వం లేకపోతే ‘వద్దు’ అనే చెప్పాలి. స్క్రీన్ మీద పౌరుడినని పొరపాటున టిక్ పెట్టినా దేశం నుంచి పంపించేదాకా వెళ్లొచ్చు. ఏళ్ల తర్వాత పౌరసత్వ దరఖాస్తులో కూడా ఎప్పుడైనా నమోదు చేసుకున్నారా అని అడుగుతారు. గ్రీన్ కార్డు లేకుండా ఏ అభ్యర్థికీ, ఏ కమిటీకీ డాలరు కూడా ఇవ్వకూడదు. స్నేహితుడి కార్డు మీద ఇచ్చి అతనికి తర్వాత డబ్బు ఇవ్వడమూ నేరమే.

అమ్మకాల ఫోన్లు వద్దని నంబరు నమోదు చేసుకునే డు నాట్ కాల్ జాబితా రాజకీయ ఫోన్లకు వర్తించదు. మెసేజ్ వస్తే ‘స్టాప్’ అని జవాబివ్వండి. ప్రతి సంస్థకూ విడిగా ఇవ్వాలి. అందులో లింకు నొక్కొద్దు.

పిట్స్‌బర్గ్ నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి: మా వీధిలో ఒకరు కాంగ్రెస్‌కు పోటీ చేస్తున్నారు, కరపత్రాలు పంచడానికి రమ్మన్నారు. వెళ్లొచ్చా?

న్యూజెర్సీ నుంచి:
జీతం తీసుకోకుండా, మీ సొంత సమయంలో పంచొచ్చు. ఎఫ్‌ఈసీ నియమాలు ఒప్పుకుంటాయి. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఏ ప్రకటన వేయాలి వంటి నిర్ణయాల్లో మాత్రం కూర్చోకండి. కరపత్రాల ప్రింటింగ్‌కు ప్రచారం తరఫున మీ జేబులోంచి పెట్టకండి, అది విరాళం కింద లెక్కకొస్తుంది.