వాన పడ్డాక గుంటలో ఉప్పు శాతం ఎక్కడ చూడాలి?

ఇందుకూరుపేట దగ్గర మాకు రెండెకరాల రొయ్యల గుంట ఉంది. మొన్న రాత్రంతా కుంభవృష్టి. పొద్దున గట్టు మీద నుంచే మగ్గుతో నీళ్లు ముంచి రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పు కొలిచే మీటర్) చూస్తే 6 పీపీటీ, అంటే వెయ్యి భాగాల్లో 6 భాగాల ఉప్పు. ముందురోజు 14 ఉంది. ఒకటే టెన్షన్. సాయంత్రం చూస్తే 12! మీటర్ పోయిందా, నేనే తప్పు చూశానా?

జవాబు: మీటర్ బాగానే ఉందన్నా. వాననీళ్లు తేలిక, ఉప్పునీళ్ల మీద పొరలా నిలుస్తాయి. నువ్వు ముంచింది ఆ పైపొర. ఏరేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) తిప్పాక కలిసిపోయింది. ఈసారి అడుగు నుంచీ తియ్యి. సీసాకి రాయి కట్టి, మూతకి దారం కట్టి దించు, అడుగుకు చేరాక దారం లాగు, మూత ఊడి అడుగు నీళ్లు నిండుతాయి. వేరే పరికరం కొనాల్సిన పనిలేదు.

జవాబు: ఉప్పు సరే, మబ్బు రోజుల్లో ఆక్సిజన్ చూస్తున్నారా? ఎండ లేకపోతే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు) ఆక్సిజన్ సరిగా తయారుచేయదు, రాత్రి మాత్రం వాడుకుంటూనే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి కొలవండి. మధ్యాహ్నం అంకెను నమ్మితే మునిగినట్టే. మేత కూడా తగ్గించండి.

జవాబు: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాలు, ఇలాంటి వానలు మళ్లీ పడొచ్చు. బకింగ్‌హామ్ కాలువ నీళ్లు గుంటలోకి తోడేముందు కూడా ఉప్పు ఎంతుందో చూసుకోండి.

అడిగినవాడినే: రాయి సీసా పనిచేసిందన్నా. నిన్నటి వానకి పైన 8, అడుగున 12. దారం మాత్రం రెండుసార్లు తెగింది.