పత్రం పైన ‘ఏజెన్సీ ఒప్పందం’ అని ఉంటే తడిసిన సరుకు నష్టం కంపెనీదేనా?

ప్రశ్న (పంపుసెట్ల వ్యాపారి, తెనాలి):
నేను ఒక కంపెనీ మోటార్లు అమ్ముతున్నాను. మా మధ్య ఉన్న పత్రానికి ‘ఏజెన్సీ ఒప్పందం’ అని పేరు. కంపెనీ డీలరు ధరకు నా పేరున ఇన్వాయిస్ వేసి సరుకు పంపుతుంది, 45 రోజుల్లో ఆ సొమ్ము నేను కట్టాలి. రైతుకు ఎంతకు అమ్మాలన్నది నా ఇష్టం, బిల్లు కూడా నా షాపు పేరునే ఇస్తాను. మొన్నటి వానలకు గోదాములోకి నీళ్లు చేరి 18 మోటార్లు పాడయ్యాయి. నేను ఏజెంటును కనుక నష్టం కంపెనీదేనని నేను, ఇన్వాయిస్ సొమ్ము పూర్తిగా కట్టాల్సిందేనని వారు వాదిస్తున్నాము. చట్టం ఎవరి వైపు ఉంది?

జవాబు (న్యాయవాది, గుంటూరు):
పత్రానికి పెట్టిన పేరును బట్టి కోర్టు ఏదీ తేల్చదు. ధరకు బదులుగా సరుకుపై యాజమాన్యం బదిలీ అయితే అది 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 4వ సెక్షను ప్రకారం అమ్మకం. ఒకరి తరఫున, వారి సరుకుగానే అమ్మిపెట్టి, వచ్చిన సొమ్ముకు లెక్క అప్పజెప్పి కమీషన్ తీసుకుంటే అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెప్పే ఏజెన్సీ. రాజమండ్రి వాణిజ్య పన్నుల అధికారిపై ఒక కలప, వెదురు వ్యాపార సంస్థ నడిపిన కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే వివరించింది. ఆ తీర్పు 1968 నాటి రిపోర్టుల్లో ఉంది. కొనుగోలుదారు ధర బాకీపడిన రుణగ్రస్తుడు, ఏజెంటు అమ్మకపు సొమ్ముకు జవాబుదారీ. మీరు మోటారు అమ్ముడుపోయినా పోకపోయినా ధర కట్టాలి, లాభం మీరే ఉంచుకుంటున్నారు. కాబట్టి మీరు కొనుగోలుదారే, ఏజెంటు కాదు.

జవాబు (చార్టర్డ్ అకౌంటెంటు, విజయవాడ):
పన్ను లెక్కలో మాత్రం ఒక మెలిక ఉంది. జీఎస్టీలో కస్టమరుకు ఇన్వాయిస్ ఎవరి పేరున వెళుతుందన్నదే ప్రధానమని 2018 సెప్టెంబరు నాటి సర్క్యులరు చెబుతుంది. నిజమైన ఏజెంటు కూడా తన పేరున బిల్లు వేస్తే, యజమాని అతనికి పంపిన సరుకును ప్రతిఫలం లేకున్నా పన్ను లెక్కకు వచ్చే సరఫరాగానే లెక్కిస్తారు. అందువల్ల జీఎస్టీ పత్రాలను ఒక్కటే సాక్ష్యంగా చూపి యాజమాన్యం తేల్చలేము. డీలరు ధరకూ అమ్మకపు ధరకూ మధ్య మీకు మిగిలే మార్జిన్‌పై కంపెనీ కమీషన్ కింద టీడీఎస్ (ముందుగానే మినహాయించే ఆదాయపు పన్ను) కోస్తోందా అన్నది కూడా చూడండి. డిస్ట్రిబ్యూటరు మార్జిన్ కమీషన్ కాదని, కమీషన్‌పై టీడీఎస్ కోయాలనే ఆదాయపు పన్ను చట్టం 194హెచ్ సెక్షను దానికి వర్తించదని 2024 ఫిబ్రవరిలో భారతీ సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రశ్న అడిగినవారు:
టీడీఎస్ కోయడం లేదు. అయితే పత్రంలో ‘పూర్తి సొమ్ము చెల్లించేవరకు సరుకుపై యాజమాన్యం కంపెనీదే’ అని ఒక క్లాజు ఉంది. దీనివల్ల నేను ఏజెంటునవుతానా?

జవాబు (న్యాయవాది, గుంటూరు):
అవరు. బాకీ వసూలుకు భద్రతగా అమ్మేవారు పెట్టుకునే షరతు అది. అయితే అసలు మీకు పనికివచ్చేది ఏజెన్సీ వాదన కాదు, ఈ క్లాజే. సరుకుల విక్రయ చట్టం 26వ సెక్షను ప్రకారం, వేరుగా ఒప్పుకోనంతవరకు, యాజమాన్యం బదిలీ అయ్యేదాకా సరుకు ప్రమాదం అమ్మేవారిదే. సొమ్ము కట్టని మోటార్ల మేరకు మీరు ఆ మాట గట్టిగా చెప్పవచ్చు. ‘డెలివరీ తరువాత నష్టం డీలరుదే’ అని ఇంకో క్లాజు ఉంటే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. చాలా కంపెనీల పత్రాల్లో అది ఎక్కడో చివరి పేజీలో ఉంటుంది, వెదకండి. అది లేకపోయినా, మీ అధీనంలోని సరుకును తగిన జాగ్రత్తతో కాపాడారా అని కంపెనీ తప్పక ప్రశ్నిస్తుంది కనుక, గోదాము ఫొటోలు, నీరు చేరిన తేదీ, మోటార్లను ఎత్తుమీద పెట్టారో లేదో తెలిపే ఆధారాలు సిద్ధం చేసుకోండి. సరుకుకు బీమా ఎవరి పేరున ఉందో, ప్రీమియం ఎవరు కడుతున్నారో కూడా తెలిపితే కంపెనీకి జవాబు ఎలా రాయాలో చెప్పగలను.