క్నుక్ న పేష్ట్య: సర్పగిరి అనవచ్చా?

ప్రశ్న: ఐర్లండ్‌లో కెర్రీ కౌంటీ కొండలు మెక్‌గిలికడీ రీక్స్ మీద వ్యాసం రాస్తున్నాను. ఆ దేశంలోకెల్లా ఎత్తైన కారన్‌టూహిల్ (1,039 మీటర్లు) అక్కడే ఉంది, జనమంతా దానికే పోతారు. తూర్పు వరసలో 988 మీటర్ల 'క్నుక్ న పేష్ట్య' ఉంది. కత్తి అంచులాంటి గట్టు మీదుగా నడవాలి కాబట్టి అటు వెళ్లేవాళ్లు తక్కువ. ఐరిష్‌లో 'క్నుక్' అంటే కొండ, 'పేష్ట్' అంటే పాము అని చూశాను. 'సర్పగిరి' అంటే బాగుంటుందా?

తెలుగు మాస్టారు: సర్పగిరి అంటే మనవాళ్లకి శేషాచలం గుర్తొచ్చి చెంపలేసుకుంటారమ్మా. ఇది దండం పెట్టుకునే పాము కాదు. ఐర్లండ్‌లో సహజంగా పాములే లేవు, సెయింట్ పాట్రిక్ తరిమేశాడని కథ. ఐరిష్‌లో పాముకి 'నాహిర్' అని వేరే మాట ఉంది. 'పేష్ట్' లాటిన్ 'బెస్తియా' నుంచి వచ్చింది, అంటే మృగం. ఐరిష్‌లోకి వచ్చాక అది వానపాము నుంచి సరస్సులో దాక్కునే భయంకర జీవి దాకా అన్నిటికీ చెల్లింది. ఈ కొండ కింది సరస్సు పేరులోనూ అదే మాట ఉంది.

అంత వెడల్పున్న మాట మనకీ ఉంది: పురుగు. చీకటి పడితే పల్లెల్లో పాము పేరెత్తరు, 'పురుగు' అంటారు. 'పురుగు ముట్టింది' అంటే పాము కరిచిందనే. నా ఓటు 'పురుగు కొండ'కే.

ఐర్లండ్‌లోని కార్క్ నుంచి ఒకరు: సిటీ పిల్లలు బియ్యంలో పురుగనుకుంటారు మాస్టారూ! అయినా సర్పగిరి కన్నా నయం. ఈ కొండల వరసకి ఐరిష్ పేరు 'న క్రూఖ దువ'. నల్ల వాములన్నమాట, గడ్డివాముల్లాగే. దగ్గర్లోని శిఖరం 'క్రూఖ్ వోర్' పెద్ద వాము. ఇవి హాయిగా తెలుగులో పెట్టేయొచ్చు. ఇంకోటి, 1943 డిసెంబరులో అమెరికా సైనిక విమానం సి-47 ఈ పురుగు కొండనే గుద్దుకుని అందులోని ఐదుగురూ చనిపోయారు. శకలాలు ఇప్పటికీ అక్కడున్నాయి. పేర్ల గొడవలో పడి అది వదిలేయకండి.

ప్రశ్న అడిగినవారు: తప్పకుండా రాస్తాను. మొదటిసారి 'క్నుక్ న పేష్ట్య, అంటే పురుగు కొండ' అని, ఆ తర్వాత అసలు పేరే వాడతాను. మ్యాపుల్లో 'నాక్‌నపీస్టా' అని ఇంగ్లీషు రూపం కూడా కనిపిస్తోంది, అదీ ఇవ్వనా?

కార్క్ నుంచి: ఇవ్వండి. వెతుక్కునేవాళ్లకి అదే పనికొస్తుంది.