వాకిట్లో ఆ కుక్క తచ్చాడుతోందా, తారట్లాడుతోందా?

పాతరేడియో: రెండు రోజులుగా ఒక పాదం బుర్ర తినేస్తోంది. అమెరికా బ్లూస్ గాయని బిగ్ మామా థార్న్‌టన్ పాట 'హౌండ్ డాగ్', ఎల్విస్ ప్రెస్లీది కాదు, అసలుది. ఎప్పుడో ఎవరో తెలుగు చేస్తే చదివాను. "తోకాడించినా సరే, ఇక కూడు పెట్టను" అన్నంతవరకు గుర్తుంది. దాని ముందు 'స్నూపిన్' (కూపీ లాగుతూ తిరగడం) అన్నచోట "నా గుమ్మం చుట్టూ త..." అని ఏదో క్రియ. తచ్చాడటమా, తారట్లాడటమా? ఆ 'త'కి దీర్ఘం ఉందా లేదా అన్నదగ్గరే ఆగిపోతున్నా.

తాటాకు: దీర్ఘం ఉంది. తచ్చాడేవాడు దారి తెలియక తడుముకుంటాడు. వీడికి వంటిల్లు ఎక్కడో బాగా తెలుసు.

గోంగూర: తప్పండీ. మా తెనాలి వైపు తచ్చాడటం అంటే పనున్నట్టు నటిస్తూ ఊరికే తిరగడం. మా బామ్మ "ఏంట్రా ఇక్కడ తచ్చాడుతున్నావ్" అందంటే చేతిలో చీపురు ఉన్నట్టే లెక్క.

మూడోచరణం: క్రియ సంగతి సరే, కుక్కకి ఏం వేశారు? జాగిలం అంటే డాగ్ స్క్వాడ్ దిగినట్టుంటుంది. వేటకుక్క అన్నా గౌరవం ఎక్కువైపోతుంది. పాటలో ఉన్నది కుక్కే కాదు, ఆడదాని సంపాదన మీద పడి తినే మగాడు. రాసిన లీబర్, స్టోలర్‌లకి అప్పటికి 19 ఏళ్ళు. రేడియోలో పలకలేని తిట్టు బదులు ఈ మాట పెట్టారు. ఎల్విస్ 1956లో పాడింది ఫ్రెడ్డీ బెల్ బృందం మార్చిన పాఠం. అందులో కుందేలొచ్చి చేరింది, మగాడు కాస్తా నిజం కుక్కైపోయాడు. ఆ కుందేలంటే లీబర్‌కి ఒళ్ళుమంట.

మువ్వపురి: ఇదంతా ఎందుకు, ఇది అచ్చమైన ఖండిత పదం, వేరొకతె దగ్గర నుంచి వచ్చిన మగాణ్ణి నాయిక నిలదీసే పాట. క్షేత్రయ్య నాయిక కూడా ఇలాగే గుమ్మంలో నిలబెట్టి కడిగేస్తుంది. లోపలికి రమ్మనదు, పొమ్మని తలుపూ వేయదు. ఆ నిలబెట్టడంలోనే ఉంది రసమంతా.

తాటాకు: ఖండిత ఎలా అవుతుందండీ? ఇంకొకతె దగ్గర రాత్రి గడిపొచ్చిన గుర్తులేవి? గోటి గాట్లు లేవు, చెదిరిన గంధం లేదు. ఇక్కడ తగువంతా కూడు దగ్గర. ఇది రామదాసు బాణీ, "ఎవడబ్బ సొమ్మని".

మువ్వపురి: రామదాసు అడిగింది దేవుణ్ణి!

తాటాకు: అడిగినవాడిదే సొమ్ము, కులుకు అవతలివాడిది. ఇంతకంటే ఏం కావాలి?

గోంగూర: సొమ్మంటే ఒకటి చెప్పాలి. 1952 ఆగస్టు 13న లాస్ ఏంజెలెస్‌లో జానీ ఓటిస్ బృందంతో ఈ పాట రికార్డు చేశారు. 1953లో అమెరికా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటల పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానం. థార్న్‌టన్‌కి ముట్టింది 500 డాలర్ల చెక్కు ఒక్కటే అని ఆవిడే చెప్పుకుంది. అలబామాలో పాస్టరు కూతురు. తల్లి పోయాక చిన్నతనంలోనే నాటక బృందంతో ఊళ్ళు పట్టింది. డ్రమ్సూ మౌతార్గానూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. 1984లో లాస్ ఏంజెలెస్‌లోనే, 57 ఏళ్ళకి పోయింది. తేరగా తిన్నదెవరో మరి, పాటలో వాడొక్కడేనా?

మూడోచరణం: రికార్డింగ్‌లో మొదట తియ్యగా, మెల్లగా ఎత్తుకుందట. అలా కాదని లీబర్ అంటే, తెల్ల కుర్రాడివి నాకు బ్లూస్ నేర్పుతావా అన్న ధోరణిలో కసిరింది. తర్వాత ఆ కుర్రాడు పాడి వినిపిస్తే పట్టేసింది. ఆ గొంతుకి 'నువ్వు' చాలదు, 'ఒరేయ్' పడాలి.

మువ్వపురి: 'ఒరేయ్' పడితే పదం స్థాయి పోతుంది. 'రా' చాలు, పాదం చివర.

పాతరేడియో: అయ్యా, నా 'త'?

తాటాకు: రికార్డు చివర వాయిద్యగాళ్ళే మొరుగుతారు, ఊళపెడతారు. ఊళపెట్టేది నక్క కదా, అక్కడ మీరేమంటారు?

గోంగూర: మా వీధిలో కుక్కలూ పెడతాయి. రాత్రి రెండింటికి రండి.

తాటాకు: శబ్దరత్నాకరం నిఘంటువు అటక మీదుంది. మనవడు బడి నుంచి వచ్చాక దింపించి చూస్తా. దీర్ఘమే.