గోపాలపూర్‌లో యుద్ధం నాటి ఫిరంగి ఉండేదా?

చికిటి కుర్రాడు:
మాది బరంపురం దగ్గర చికిటి. మా నాయనమ్మ పుట్టిల్లు గోపాలపూర్. 1942లో జపాన్ వాళ్లొస్తున్నారని కిటికీలకు నల్ల కాగితాలు అంటించారట. వాళ్ల నాన్న ఇత్తడి బిందెలు పెరట్లో పాతేసి, పిల్లల్ని ఎడ్లబండి ఎక్కించేశాడట. బీచ్‌లో కూలిన గోడలు చూపించి "ఫిరంగి అక్కడే ఉండేదిరా" అనేది. నిజమేనా? ఉంటే ఒక్క ఓడనైనా కొట్టిందా?

పాత పోస్టుమాస్టరు:
బాబూ, అవి పాత రేవు గోడలు. రంగూన్ స్టీమర్లు ఆగిన రోజులవి. ఉద్యోగంలో ఉండగా సాయంత్రాలు వాటి మీదే కూర్చుని వేరుసెనక్కాయలు తినేవాణ్ణి. ఫిరంగి పెట్టిన చోటైతే బోల్టులు దిగిన గుండ్రటి కాంక్రీటు దిమ్మ ఉండాలి, భూమిలో మందుగుండు గది ఉండాలి. అవేం నా కంటపడలేదు.

భయం మాత్రం నిజం. ఆ ఏడు ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక ఓడ నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే రోజు పూరీ వైపు సముద్రంలో కుమానో, సుజుయా అనే జపాన్ క్రూజర్ యుద్ధనౌకలు మాల్డా, ఆటోలైకస్, ఎక్స్‌మూర్ లాంటి సరుకు ఓడల్ని ముంచేశాయి. వాటి 203 మిల్లీమీటర్ల ఫిరంగులు దాదాపు 29 కిలోమీటర్లు కొట్టగలవు. ఒడ్డున ఉండే పాత ఆరంగుళాల ఫిరంగికి అందులో సగం కూడా అందదు. ఉన్నా ఏం చేసేది?

రేవు మనిషి:
మాస్టారూ, ఫిరంగి ఉన్న ఊళ్లో ఏమైందో కూడా చెప్పండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నరకి, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు ముందుకొచ్చి, మూడు వేల గజాల లోపు నుంచే బర్మా ఆయిల్ ట్యాంకుల మీద వందకు పైగా ఫిరంగి గుండ్లు వేసింది. కిరసనాయిలు భగ్గుమంది. ఒడ్డు ఫిరంగులు తొమ్మిది గుండ్లు వేశాయి, ఒక్కటీ తగల్లేదు. అరగంటలో ఓడ మాయం. అంత దగ్గరగా వచ్చినదాన్నే కొట్టలేకపోయారు!

పాత పోస్టుమాస్టరు:
చీకట్లో, నిద్ర కళ్లతో, కదిలే ఓడని కొట్టడం తేలికా? ఆ మాత్రం ఒప్పుకోండి.

చికిటి కుర్రాడు:
థాంక్స్ మాస్టారూ. పాతిన బిందెల్లో ఒకటి ఇంకా మా ఇంట్లోనే ఉంది. తవ్వేటప్పుడు గునపం తగిలి అడుగున సొట్ట పడింది. అమ్మ దాంట్లో బియ్యం పోస్తోంది.