1973 ఎంజీబీ కారుకి సింథటిక్ ఇంజన్ ఆయిల్ పోశాక కింద కారుతోంది, మళ్లీ మినరల్‌కి మారాలా?

కోవెంట్రీ_రవి:
అందరికీ నమస్తే. నాది 1973 ఎంజీబీ జీటీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1798 సీసీ. వయసులో నాకంటే పెద్దది. మార్చిలో సర్వీసుకిస్తే గ్యారేజీవాళ్లు "మంచి ఆయిల్" అంటూ ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ30 గ్రేడ్ ఆయిల్ పోశారు. అంతకుముందు కింద పరిచిన అట్టముక్క మీద వారానికి రెండు చుక్కలు పడేవి. ఇప్పుడు రాత్రి తెల్లారేసరికి అరచేయంత మరక. ఇంకో టెన్షన్ ఏంటంటే, ఇంజన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ ప్రెషర్ ముల్లు 10 పీఎస్ఐ కిందకి పోతోంది. ఇదివరకు 20 దగ్గర ఉండేది. సింథటిక్ పోశాక మినరల్‌కి, అంటే ముడిచమురు నుంచి తీసే మామూలు ఆయిల్‌కి, వెనక్కి వెళ్లకూడదంటారు, నిజమేనా?

డెట్రాయిట్_బాబాయ్:
రవీ, సింథటిక్కా మినరలా అన్నది తర్వాత. అసలు తప్పు ఆ 5డబ్ల్యూ30. అది మరీ పల్చన, అరిగిన పాత బేరింగుల మధ్య నిలవదు, అందుకే ముల్లు పడిపోతోంది. మన బండికి చిక్కటి 20డబ్ల్యూ50 పోయాలి.

రెండో సంగతి జింకు, ఫాస్ఫరస్. వాల్వుల్ని తెరిచేది తిరిగే క్యామ్, ఆ తోపుని అందించేవి టాపెట్లు. మన టాపెట్లకు రోలర్లుండవు, క్యామ్ మీద రాసుకుంటూ తిరుగుతాయి. ఆ రాపిడిని కాచేది ఈ రెండూ ఉన్న జెడ్‌డీడీపీ అనే రసాయనం, ఆయిల్లో కలుపుతారు. ఫాస్ఫరస్ పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుందని 2004లో ఏపీఐ ఎస్‌ఎమ్ అనే ఆయిల్ ప్రమాణం వచ్చినప్పుడు 5డబ్ల్యూ30 లాంటి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ని 800 పీపీఎంకి (పది లక్షల్లో 800 వంతులకి) కుదించారు. 20డబ్ల్యూ50కి ఆ హద్దు లేదు. నీ బండికి కన్వర్టరే లేదాయె!

నేను అనుభవించే చెబుతున్నా. నా 1971 ఎంజీబీ రోడ్‌స్టర్‌లో ఒక టాపెట్ ఎన్నిసార్లు సెట్ చేసినా నెలలో మళ్లీ టకటకలే. విప్పి చూస్తే క్యామ్ లోబ్ (దాని ఉబ్బెత్తు భాగం) వాడేసిన సబ్బుబిళ్లలా ఉంది, టాపెట్ అడుగున పురుగు కొట్టిన పప్పుబద్దలా గుంటలు. మూడేళ్లుగా చౌకగా దొరికిందల్లా పోసింది నేనే, ఎవర్నంటాం!

కారడం గురించి: సింథటిక్ సీలుకి చిల్లు పెట్టదు. ఇన్నాళ్లూ సందులు మూసిన పాత జిడ్డుని కడిగేసి ఉంటుంది. వెనక్కి వెళ్లకూడదన్నది ఉత్తమాట, రెండూ కలుస్తాయి. జింకు బాగా ఉన్న మినరల్ 20డబ్ల్యూ50 పోసి, ఫిల్టర్ కూడా మార్చు.

డాలస్_911:
బాబాయ్ గారూ, గ్రేడ్ విషయంలో మీ మాటే నాదీ. కానీ సింథటిక్ అనగానే భయపడక్కర్లేదండీ. నా 1982 పోర్షే 911 ఎస్‌సీ ఎయిర్ కూల్డ్. రేడియేటర్ నీళ్లుండవు, వేడి మోసేది గాలీ ఆయిలే. డాలస్ ఎండల్లో ఏడేళ్లుగా 15డబ్ల్యూ50 సింథటిక్‌తోనే నడుపుతున్నా. కాకపోతే ఇంజన్ ఓవర్‌హాల్ చేయించి సీళ్లన్నీ కొత్తవి వేయించాకే మొదలెట్టాను.

డెట్రాయిట్_బాబాయ్:
ఆ చివరి వాక్యమే అసలు సంగతి నాయనా.

కోవెంట్రీ_రవి:
శనివారం మార్చేశాను బాబాయ్. వేడి మీద ఐడిల్‌లో ప్రెషర్ 18 చూపిస్తోంది. ఇంకో విషయం, ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్ విప్పితే పాత రాగి వాషరే నలిగిపోయి ఉంది, మార్చినట్టే లేరు. కొత్తది వేశాక మరక సగమైంది. మిగతాది బెల్‌హౌసింగ్ (ఇంజన్ వెనక క్లచ్‌ని కప్పే డొప్ప) కింద నుంచి.

డెట్రాయిట్_బాబాయ్:
అది క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు అయ్యుంటుంది. దానికి ఇంజన్ దించాలి, క్లచ్‌కైనా దించాల్సిందే. క్లచ్ మార్చే రోజున రెండూ కలిపి చేయించుకో. అందాకా అట్టముక్కలు మారుస్తూ ఉండు.