అప్‌డేట్: సముద్రం బొమ్మల పోపుల పెట్టె సిద్ధమైంది
కొయ్య బొమ్మలకు పేరున్న మాధవమాలలో చేయించిన టేకు పోపుల పెట్టెకు లోపల ఏమి పూయాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. రంగూ వార్నిషూ వద్దు, పచ్చి అవిసె నూనె చాలన్నారు. పలుచగా పూసి, మిగిలిన జిడ్డు తుడిచి, మూడు వారాలు ఆరనిచ్చాను. ఇప్పుడు వేలికి ఏమీ అంటడం లేదు.

మూత మీద ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు, చుట్టూ కలంకారీ తీరులో మెలికలు తిరిగిన అలలు. బొమ్మ గీసింది శ్రీకాళహస్తిలో కలం పట్టిన చేయి కదా, డిప్ప మీద ఒక్కో పలకా విడివిడిగా కనిపిస్తుంది! పసుపు గదికి మాత్రం రెండు రోజులకే మరక పట్టింది. అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టాను. తిరుపతిలో వానలకు మూత బిగుసుకుంటే వడ్రంగి అంచును గరుకు కాగితంతో రుద్ది ఇచ్చాడు.

అమ్మ మెంతులు తీసిన ప్రతిసారీ తాబేలును ఒకసారి నిమిరి మూత పెడుతోంది. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.